అలనైట్ గుట్ట: అనంతపురం జిల్లాలో ఒక రేర్ ఎర్త్ అన్వేషణ కేస్ స్టడీ

ఈ కేసులో ఒక కంపెనీకి మేమిచ్చిన సిఫార్సు ఒక్క వాక్యం: ఈ బ్లాకులో డ్రిల్లింగ్‌కి డబ్బు పెట్టకండి. ఆ వాక్యం రాయడానికి మాకు ఏడు నెలలు పట్టింది. పనులు సరైన వరసలో చేసి ఉంటే మూడు నెలల్లో రాసేవాళ్లం. మిగతా నాలుగు నెలలు ఎక్కడ పోయాయో చెప్పడానికే ఈ రాత.

కంపెనీ పేరు, బ్లాకు హద్దులు ఒప్పందం ప్రకారం బయటపెట్టకూడదు. అనంతపురం జిల్లా, పెన్నలో కలిసే వంకలు, చుట్టూ గ్రానైట్, నైస్ బండలు, మధ్యలో ఒక సైనైట్ గుట్ట. ఇంతవరకు చెప్పొచ్చు. 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టి 2024 జూన్‌లో ముగించాం. జట్టులో నేను, ఇద్దరు జూనియర్ జియాలజిస్టులు, ఒక డ్రైవర్, ఊళ్లోంచి ఇద్దరు మనుషులు.

ఆ గుట్టే ఎందుకు

2023లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లాలో దంచెర్ల, పెద్దవడుగూరు, దండువారిపల్లె, రెడ్డిపల్లె, చింతలచెరువు, పులికొండ దగ్గరి సైనైట్ శిలల్లో రేర్ ఎర్త్ మూలకాలు (లాంథనం, సీరియం, నియోడిమియం లాంటి లోహాలు) ఉన్న ఖనిజాలు కనిపించాయని చెప్పారు. పేపర్లలో పెద్ద పెద్ద హెడ్డింగులు వచ్చాయి. వాళ్లు చెప్పిన ఖనిజాల్లో అలనైట్, థోరైట్, జిర్కాన్, మోనజైట్, పైరోక్లోర్ లాంటివి ఉన్నాయి. ఆ పేర్లన్నీ మేమూ చదివాం. ఒక్కో పేరుకి అర్థమేమిటో మాత్రం ఆగి ఆలోచించలేదు.

అదే ఏడాది గనుల చట్టాన్ని సవరించారు. లిథియం, బెరీలియం, టైటానియం, నియోబియం, టాంటలం, జిర్కోనియం అణు ఖనిజాల జాబితాలోంచి బయటికొచ్చాయి. 24 కీలక ఖనిజాలతో మరో జాబితా వచ్చింది. అందులో రేర్ ఎర్త్స్ కూడా ఉన్నాయి గానీ, ‘యురేనియం, థోరియం లేనివి’ అన్న షరతుతో. ఈ షరతు మాకు తర్వాత బాగా గుర్తుకొచ్చింది.

సైనైట్ అంటే దూరం నుంచి గ్రానైట్‌లాగే ఉంటుంది, కానీ అందులో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. ఎక్కువ భాగం ఫెల్డ్‌స్పారే. ఇలాంటి క్షార శిలల మాగ్మా, అంటే కరిగిన రాయి, చల్లబడేటప్పుడు రేర్ ఎర్త్స్ ఫెల్డ్‌స్పార్‌లో ఇమడవు. వాటి సైజు, చార్జి అక్కడ కుదరవు. అందుకని చివరిదాకా ద్రవంలోనే మిగిలిపోయి, ఆఖర్న ఏ చిన్న ఖనిజం గడ్డకడితే అందులోకి చేరతాయి. ఆ ఆఖరి ఖనిజం ఏదన్నదే అసలు ప్రశ్న.

పేరుకే అవి రేర్. భూమి పైపొరలో సగటున సీరియం 60 పీపీఎం (పది లక్షల్లో 60 భాగాలు) పైచిలుకు ఉంటుంది. రాగి 30 కూడా ఉండదు. కాబట్టి ఏ బండలోనైనా రేర్ ఎర్త్స్ ‘దొరికాయి’ అంటే అబద్ధం కాదు. మీ ఇంటి మెట్లకు వేసిన గ్రానైట్ పలకలోనూ దొరుకుతాయి.

మాది జీ4 దశ. అన్వేషణలో జీ4 మొదటి మెట్టు, జీ1 చివరిది. జీ4లో వచ్చే టన్నుల లెక్కకు పెద్ద విలువ ఉండదు. తర్వాతి దశకు డబ్బు పెట్టొచ్చా లేదా అని తేల్చడమే దాని పని. చాలామంది క్లయింట్లకు ఈ సంగతి తెలుసు. అయినా మొదటి మీటింగులోనే ‘ఎన్ని టన్నులుండొచ్చు?’ అని అడుగుతారు. మా క్లయింటూ అడిగాడు.

బండల మధ్య బొంకిన మీటరు

మొదటి రెండు వారాలు ఆఫీసులోనే గడిచాయి. జీఎస్‌ఐ (భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ) వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో వంక మట్టి విశ్లేషణలు ఉచితంగా దొరుకుతాయి. రెండు కిలోమీటర్లకు రెండు కిలోమీటర్ల గడికి ఒక శాంపిల్ లెక్కన చేసిన పని అది. మా గుట్ట దిగువన సీరియం, థోరియం రెండూ చుట్టుపక్కల కన్నా ఎక్కువగా కనిపించాయి. ఈ డేటాను చూడకుండా నేరుగా ఫీల్డుకు పరిగెత్తే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. ఎందుకో నాకర్థం కాదు.

ఫీల్డులో మొదటి రోజు ఒక పెద్దాయన గొర్రెలు తోలుకుంటూ వచ్చి మా వైపు కాసేపు చూశాడు. “వజ్రాలకొచ్చినారా సార్?” అన్నాడు. ఆ జిల్లాలో అది సహజమైన ప్రశ్న. వజ్రాలుండే వజ్రకరూరు కింబర్లైట్ శిలలు అక్కడే ఉన్నాయి. తొలకరి పడగానే చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు ఏటా కనిపిస్తారు. కాదు పెద్దాయనా, ఫోన్లలో, మోటార్లలో అయస్కాంతాలకు వాడే లోహాల కోసం అని చెప్పాను. “అయస్కాంతమా!” అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఊళ్లో మా పేరు ‘అయస్కాంతం సార్లు’.

చేతిలో పట్టుకునే గామా స్పెక్ట్రోమీటర్‌తో పని మొదలుపెట్టాం. పొటాషియం, యురేనియం, థోరియం మూడింటినీ విడివిడిగా చూపిస్తుంది. రేర్ ఎర్త్స్‌ని ఈ పరికరం నేరుగా చూపించదు. కానీ థోరియం చాలావరకు వాటితో కలిసే తిరుగుతుంది కాబట్టి థోరియం వెంట పోతే వాటిని పట్టుకోవచ్చు.

మూడో రోజు ఒక చోట థోరియం ఒక్కసారిగా రెట్టింపైంది. జూనియర్ కుర్రాడు ఎగిరి గంతేశాడు. నేను కూడా లోపల్లోపల సంతోషించాను. అక్కడ జెండా పాతాం, పది కిలోల శాంపిల్ తీశాం. సాయంత్రం మ్యాపు మీద చూస్తే ఎక్కువ రీడింగులన్నీ గుండ్లు గుట్టగా పడి ఉన్న చోట్లే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే వెళ్లి అదే గుండుని బయటి వైపు, చదునైన చోట కొలిచాం. మామూలే.

సంగతి చిన్నదే. చదునైన బండ మీద మీటరు పెడితే కింది నుంచే రేడియేషన్ వస్తుంది. రెండు గుండ్ల సందులో నిలబడితే పక్కల నుంచి, వెనక నుంచి కూడా వస్తుంది. బావిలో దిగినా అంతే. పుస్తకంలో ఇది ఉంది. ఎంఎస్సీలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. అయినా మోసపోయాను. ఆ తర్వాత నోటుబుక్కులో ప్రతి రీడింగు పక్కన ‘చదును’, ‘సందు’, ‘గుంత’ అని ఒక మాట రాయడం పెట్టాం. చదును రీడింగులు మాత్రమే మ్యాపుకెక్కాయి. ఆ వడపోత తర్వాత కూడా గుట్టకు ఈశాన్యంగా ఒక పట్టీ మిగిలింది. గులాబీ రంగు సైనైట్, అందులో నల్లటి సన్నని గీతలు. ఆ పట్టీయే తర్వాత మా పని అంతా.

చేతి ఎక్స్‌ఆర్ఎఫ్ గన్ (ఎక్స్ కిరణాలతో రాయిలోని మూలకాలను చూపించేది) ఇంకో రకంగా ఇబ్బంది పెట్టింది. లాంథనం, సీరియం, నియోడిమియం చూడాలంటే గన్‌లో 50 కిలోవోల్ట్ ట్యూబ్ ఉండాలి. మా దాంట్లో 40 మాత్రమే. అందుకని బరువైన రేర్ ఎర్త్స్‌కి (డిస్ప్రోసియం, టెర్బియం లాంటివాటికి) గుర్తుగా ఇట్రియం చూసుకుందామనుకున్నాం. తీరా చూస్తే, గన్ మూలకాన్ని గుర్తుపట్టే ఎక్స్ కిరణాల గీతల్లో రుబీడియం గీత ఒకటి సరిగ్గా ఇట్రియం గీత మీదే పడుతుంది. పొటాషియం ఫెల్డ్‌స్పార్ నిండిన బండలో రుబీడియానికి కొదవేముంది? గన్‌లోని సాఫ్ట్‌వేర్ కొంత సర్దుతుంది గానీ పూర్తిగా కాదు. కాబట్టి ఇట్రియాన్ని పక్కన పెట్టి, జిర్కోనియం, నియోబియం, థోరియం మాత్రమే నమ్మాం. ఈ నిర్ణయమే మమ్మల్ని తర్వాత కాపాడింది.

ల్యాబులో పోయిన జిర్కోనియం

జనవరి, ఫిబ్రవరిలో పట్టీకి అడ్డంగా గీతలు గీసుకుని బండ శాంపిళ్లు తీశాం. ప్రతి ఇరవై శాంపిళ్లకు ఒక ఖాళీ రాయి (వెతికే లోహాలు లేనిది), ఒక డూప్లికేట్, ఒక ప్రామాణిక శాంపిల్ (విలువలు ముందే తెలిసినది) కలిపాం. అంటే ల్యాబుని చెక్ చేసే ఏర్పాటంతా పక్కాగానే ఉంది.

పొరపాటు మాది, ల్యాబుది కాదు. ధర తక్కువని నాలుగు ఆమ్లాల ప్యాకేజీ ఎంచుకున్నాం. హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్, పెర్‌క్లోరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల్లో పొడిని కరిగిస్తారు. రాగికి, సీసానికి, ఇంకా చాలా లోహాలకు అది చాలు. రేర్ ఎర్త్స్‌కి చాలదు. జిర్కాన్ (జిర్కోనియం ఉండే ఖనిజం) లాంటి గట్టి గింజలు కరగకుండా గిన్నె అడుగునే ఉండిపోతాయి. పైగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కొంత రేర్ ఎర్త్ ఫ్లోరైడుగా మారి మళ్లీ అడుక్కి దిగుతుంది. వీటికి లిథియం బోరేట్‌తో కలిపి సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర కరిగించి గాజు ముద్ద చేసి, దాన్ని ఆమ్లంలో కరిగించాలి. ఇదీ నాకు తెలిసిన విషయమే. కొటేషన్ మీద సంతకం పెట్టిన రోజు మాత్రం ఆ పేజీ సరిగ్గా చూడలేదు.

మరి ప్రామాణిక శాంపిల్ ఎందుకు పట్టుకోలేదు? దాని సర్టిఫికెట్‌లో ఒక్కో పద్ధతికి ఒక్కో విలువ ఉంటుంది. మేము నాలుగు ఆమ్లాల విలువతో పోల్చి చూశాం. ల్యాబు ఆ పద్ధతిని బాగానే చేసింది, అందుకే పాసైంది. తప్పు పద్ధతిని తప్పు లేకుండా చేశారన్నమాట.

రిజల్ట్స్ వచ్చాక కూడా నాకేమీ అనుమానం రాలేదు. ఇంకో జూనియర్, కర్నూలు అమ్మాయి, రెండు షీట్లు పక్కపక్కన పెట్టుకుని వచ్చింది. “సార్, జిర్కోనియం ఎటు పోయింది?” అంది. ఫీల్డులో గన్ చూపించిన జిర్కోనియంలో నాలుగో వంతు కూడా ల్యాబు షీట్‌లో లేదు. తర్వాత రేర్ ఎర్త్స్‌ని, పోలికకు వాడే కాండ్రైట్ అనే రకం ఉల్కల విలువలతో భాగించి గ్రాఫు గీశాం. మామూలుగా సాఫీగా సాగాల్సిన గీత బరువైన మూలకాల వైపు వంగి కిందికి పోయింది. నా మటుకు ఈ గ్రాఫు ఏ నాణ్యతా సర్టిఫికెట్ కన్నా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. ఎగుడుదిగుడుగా ఉందంటే ప్రకృతిని అనుమానించే ముందు ల్యాబు పద్ధతిని అనుమానించాలి.

మిగిలిన పొడిని బోరేట్ పద్ధతికి పంపాం. ఆరు వారాలు పోయాయి. ఈలోగా మార్చిలో ఎన్నికల కోడ్ వచ్చింది. చెక్‌పోస్టుల్లో మా జీపు ఆపి శాంపిల్ సంచులు విప్పించేవాళ్లు. డబ్బు మూటలనుకునేవాళ్లేమో, రాళ్లు చూసి మా ముఖం చూసేవాళ్లు. ఒక ఎస్సై అయితే “రాళ్లకి ఇంత భద్రం ఏంటయ్యా” అన్నాడు.

కొత్త రిజల్ట్స్ వచ్చాయి. జిర్కోనియం తిరిగొచ్చింది. బరువైన రేర్ ఎర్త్స్ బాగా పెరిగాయి. తేలికవి, అంటే లాంథనం నుంచి నియోడిమియం దాకా, కొద్దిగానే పెరిగాయి. మంచి శాంపిళ్లలో మొత్తం రేర్ ఎర్త్ ఆక్సైడ్లు అర శాతానికి దగ్గరగా వచ్చాయి. ఆఫీసులో స్వీట్లు పంచారు.

ఇక్కడే అసలు తప్పు జరిగింది, ఆమ్లాల ప్యాకేజీ దాని ముందు ఎంత? రెండు రిజల్ట్స్ పక్కపక్కన ఉన్నాయి. తేలిక రేర్ ఎర్త్స్ ఆమ్లానికే దాదాపుగా కరిగిపోయాయి, అంటే అవి మోనజైట్‌లాంటి మొండి ఖనిజంలో లేవు. బరువైనవి జిర్కోనియంతో పాటే మాయమై జిర్కోనియంతో పాటే తిరిగొచ్చాయి, అంటే జిర్కాన్‌లో బంధీగా ఉన్నాయి. ఖనిజమేదో ఆ రెండు షీట్లే చెప్పేశాయి. మేము మొత్తం అంకె చూసి మురిసిపోయాం.

ఆ అంకెతోనూ ఒక తిరకాసు ఉంది. ల్యాబు మూలకాన్ని ఇస్తుంది, రిపోర్టుల్లో ఆక్సైడు రాస్తారు. లాంథనాన్ని ఆక్సైడు చేస్తే 1.17 రెట్లు, ఇట్రియాన్ని చేస్తే 1.27 రెట్లు. అదేమీ తప్పు కాదు, లోకాచారం. కానీ ఒకరు మూలకంలో, ఇంకొకరు ఆక్సైడులో చెప్పుకుంటూ పోల్చుకునే మీటింగులు నేను చాలా చూశాను.

సూక్ష్మదర్శిని చెప్పింది

మే నెలలో, ఆ ఎండల్లో ఫీల్డుకు పోలేక, పట్టీలోంచి పన్నెండు రాళ్లను థిన్ సెక్షన్లు చేయించాం. రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు మీద అతికించి సూక్ష్మదర్శిని కింద చూడటం. నూరేళ్ల పైబడిన పద్ధతి, ఖర్చూ తక్కువే.

మొదటి స్లైడ్‌లోనే కనిపించింది. గోధుమ రంగు గింజలు, లోపల పొరలు పొరలుగా, చుట్టూ ఫెల్డ్‌స్పార్‌లో సూర్యకిరణాల్లా పగుళ్లు. అలనైట్. లోపలి థోరియం రేడియేషన్‌తో కోట్ల ఏళ్లుగా ఆ గింజ నిర్మాణం దెబ్బతిని ఉబ్బుతుంది, ఉబ్బి పక్కవాటిని పగలగొడుతుంది. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. పన్నెండు స్లైడ్లలో పదకొండింటిలో తేలిక రేర్ ఎర్త్స్ ఉన్నది ఇందులోనే. తర్వాత ఎలక్ట్రాన్ ప్రోబ్‌తోనూ (ఒక్కో గింజలోని మూలకాలను కొలిచే పరికరం) అదే తేలింది. మోనజైట్ అక్కడక్కడ చిటికెడు.

ప్రపంచంలో వ్యాపార స్థాయిలో రేర్ ఎర్త్స్ వచ్చేది ప్రధానంగా బాస్ట్‌నసైట్, మోనజైట్, జెనోటైమ్ నుంచి, దక్షిణ చైనా బంకమట్టి నుంచి. అలనైట్ సిలికేట్, అంటే సిలికా కలిసిన ఖనిజం. అందులో రేర్ ఎర్త్ ఆక్సైడు సుమారు పావు వంతు. మోనజైట్‌లో సగానికి పైనే, బాస్ట్‌నసైట్‌లో ఇంకా ఎక్కువ. అలనైట్ ఆమ్లంలో కరుగుతుంది నిజమే, కానీ కరిగేటప్పుడు సిలికా జిగురుగా మారి ఫిల్టర్లను మూసేస్తుంది. పైగా మా గింజలు సన్నవి. బండనంతా పిండి చేస్తే తప్ప విడిపోవు. ఇక జిర్కాన్‌లో ఇరుక్కున్న డిస్ప్రోసియం, టెర్బియం సంగతి సరేసరి. అయస్కాంతాలకు విలువైనవి అవే, మాకు అందనివీ అవే. దాని మీద థోరియం. మాకు దారి చూపించిన థోరియమే చట్టం దగ్గరికొచ్చేసరికి అడ్డం నిలబడింది.

అర శాతం తక్కువేం కాదని కంపెనీ వాదించింది. దక్షిణ చైనా మట్టిలో 0.05 నుంచి 0.2 శాతమే ఉంటుంది, అక్కడ గనులు నడుస్తున్నాయి కదా అని. నిజమే. అక్కడ రేర్ ఎర్త్స్ మట్టి రేణువుల పైన అయాన్లుగా అంటుకుని ఉంటాయి. అమ్మోనియం సల్ఫేట్ నీళ్లు పోస్తే ఊడొచ్చేస్తాయి. దంచక్కర్లేదు, కాల్చక్కర్లేదు. మన రాష్ట్రంలోనే చూడండి. శ్రీకాకుళం నుంచి భీమిలి మీదుగా తీరం ఇసుకలో మోనజైట్ ఉంది. దేశం మొత్తం మీద 1.315 కోట్ల టన్నుల మోనజైట్, అందులో 72.3 లక్షల టన్నుల రేర్ ఎర్త్ ఆక్సైడు ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క. ఆ ఇసుకను సముద్రం లక్షల ఏళ్లు ఉచితంగా దంచి, జల్లించి, ఒడ్డున పోసి పెట్టింది. థోరియం చిక్కు అక్కడా ఉంది, కానీ దంచే కూలి లేదు.

చైనా మట్టి వాదనకు జవాబు మాటలతో కాకుండా పరీక్షతో ఇద్దామనుకున్నాను. గుట్ట వాలులో, ఒక శెనక్కాయ చేను గట్టున, రైతుల్ని అడిగి ఐదు గుంతలు తవ్వించాం. చేను మట్టిలో ఫాస్ఫేట్ ఎరువుల నుంచి కూడా రేర్ ఎర్త్స్ వస్తాయి కాబట్టి పైమట్టి వదిలేసి కింద నుంచే తీశాం. అర మోలార్ అమ్మోనియం సల్ఫేట్, పీహెచ్ 4, అరగంట. ఖర్చు ఎంతో కాదు. మట్టిలో ఉన్న రేర్ ఎర్త్స్‌లో నీళ్లలోకి వచ్చింది దాదాపు ఏమీ లేదు.

గుంత చూస్తేనే తెలిసిపోయేది అసలు. ఒకటిన్నర మీటరు దిగేసరికి సున్నపు గడ్డలు, వాటి కింద గట్టి బండ. అలాంటి బంకమట్టి తయారవ్వాలంటే పుష్కలంగా వాన, వేడి, పుల్లటి నేల, పది ఇరవై మీటర్ల లోతున కుళ్లిన బండ కావాలి. అనంతపురం వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. సున్నం ఉన్న నేలలో రేర్ ఎర్త్స్ అయాన్లుగా నిలవవు.

రిపోర్టు

జూన్‌లో రిపోర్టు ఇచ్చాం. తర్వాతి దశ జీ3కి వద్దు. గుట్ట తూర్పు అంచున మోనజైట్ చిటికెడు కనిపించిన ఒక చిన్న డైకు (బండను చీల్చుకుని వచ్చిన శిల పట్టీ) చుట్టూ మాత్రం, ఇంకెవరైనా ఆసక్తి పడితే, వంక ఇసుకను పాన్‌లో కడిగి చూడొచ్చని ఒక పేరా రాశాను. కంపెనీ ఎండీకి నచ్చలేదు. “ఉందని మీరే అంటున్నారు, వద్దనీ మీరే అంటున్నారు” అన్నాడు. ఆయన కోపం నాకర్థమైంది. స్వీట్లు పంచినప్పుడు నేనూ తిన్నాను కదా.

ఇప్పుడు ఇలాంటి పని చేతికొస్తే మొదటి వారంలోనే పది థిన్ సెక్షన్లు చేయిస్తాను. ల్యాబు శాంపిళ్లలో కొన్నింటిని కావాలనే రెండు పద్ధతుల్లోనూ పంపిస్తాను. ఆ తేడాయే ఖనిజం గురించి చౌకగా చెప్తుంది. అప్పటిదాకా మొత్తం ఆక్సైడు అంకెను క్లయింట్‌కి చూపించను. ఈ చివరిది పాటించడం మిగతా రెండింటి కన్నా కష్టం.

2025 ఏప్రిల్‌లో చైనా సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటీషియం, స్కాండియం, ఇట్రియం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. ఆ నెలలోనే కంపెనీ నుంచి ఫోన్. ఇప్పుడైనా ఆ గుట్ట పనికొస్తుందా అని. డిస్ప్రోసియం జిర్కాన్‌లోనే ఉంది సార్, బయటికి రాలేదు అన్నాను. వాళ్లు నవ్వారు. నేను రిపోర్టు మార్చలేదు.

గుంతల సంగతి చెప్పడం మర్చిపోయాను. పని అయ్యాక పూడ్చాలన్నది ఒప్పందం. నాలుగు పూడ్చాం. ఐదో దాని దగ్గర చేను రైతు అడ్డం నిలబడ్డాడు. “ఉండనీ సార్, వానకి నీళ్లు నిలుస్తాయి” అన్నాడు. కింద సున్నపు పొర, దాని కింద బండ. నిలుస్తాయి. పూడ్చవద్దని ఆయన చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఫొటో తీసి, రిపోర్టు వెనక అతికించాం.